నోరు తెరిచి నిద్రపోయే పిల్లల ముఖం నిజంగానే మారిపోతుందా?

సుహాసిని_వి
మా పాపకు ఏడేళ్ళు. పుచ్చిన పాలపన్ను చూపిద్దామని తీసుకెళ్తే, పళ్ళ డాక్టర్ గారు ఆ పన్ను సంగతి త్వరగా తేల్చేసి "పాప నోటితో ఊపిరి పీలుస్తుందా? గురక పెడుతుందా?" అని అడిగారు. రెండూ ఉన్నాయి. రాత్రంతా నోరు తెరిచే ఉంటుంది, పొద్దునకి దిండు చొంగతో తడిసిపోతుంది. అంగిలి ఇరుకుగా, లోతుగా ఉందట. పైన రావలసిన పళ్ళకు చోటు చాలదట. ముందు ఈఎన్‌టీకి చూపించండి, క్లిప్పుల మాట తర్వాత చూద్దాం అన్నారు.

ఇంటికొచ్చి పాత ఫొటోలు తీశాను. మూడేళ్ళప్పుడు గుండ్రంగా ఉన్న ముఖం ఇప్పుడు సన్నగా, పొడుగ్గా కనిపిస్తోంది. గడ్డం కూడా కాస్త లోపలికి పోయినట్టుంది. ఇంట్లో అందరూ "వాళ్ళ నాన్న పోలిక" అంటున్నారు. ఊపిరి తీసుకునే తీరును బట్టి ఎముక పెరుగుదల మారుతుందా? ఇలాంటి పిల్లలున్నవాళ్ళు, దీని గురించి తెలిసినవాళ్ళు చెప్పండి. నాకు చాలా టెన్షన్‌గా ఉంది.

మురళి_77
పోలికే అయ్యుంటుందండీ. మా ఇంట్లో నలుగురివీ పొడుగు ముఖాలే, ఒక్కరికీ గురక లేదు. పైగా మూడేళ్ళకూ ఏడేళ్ళకూ ఏ పిల్ల ముఖమైనా మారుతుంది, బుగ్గలు తగ్గుతాయి. ఫొటోలు చూసి భయపడకండి.

రాగమాలిక
మా వాడిదీ ఇదే కథ. అడినాయిడ్స్ (ముక్కు వెనక పెరిగే కణజాలం) అన్నారు. వాడికి చెవి కూడా సరిగ్గా వినపడేది కాదు. పిలిస్తే పలకకపోతే మొండితనం అనుకున్నాం, తీరా చూస్తే చెవిపొర వెనక నీరు చేరింది. ఈఎన్‌టీ దగ్గరికి వెళ్ళినప్పుడు వినికిడి పరీక్ష కూడా అడగండి.

పళ్ళవరస_డాక్టర్
నేను పళ్ళ వరసలు సరిచేసే ఆర్థోడాంటిస్ట్‌ని. సుహాసిని గారూ, మీ డాక్టర్ అడిగిన ప్రశ్న మంచి ప్రశ్న. ఎందుకు అడిగారో కొంచెం వివరంగా చెబుతాను.

నోరు మూసుకుని ముక్కుతో ఊపిరి తీసుకునేటప్పుడు నాలుక పైకి లేచి అంగిలికి ఆనుకుని ఉంటుంది. బయట నుంచి బుగ్గల కండరాలు పై దవడను లోపలికి నొక్కుతుంటాయి, లోపల నుంచి నాలుక దాన్ని అచ్చులా నిలబెడుతుంది. ముక్కు మూసుకుపోతే గాలికి దారివ్వడానికి నోరు తెరవాలి, నాలుక కిందికి దిగాలి. అప్పుడు బుగ్గల ఒత్తిడికి లోపల ఎదురు ఉండదు. పై దవడ వెడల్పు పెరగాల్సినంత పెరగదు, అంగిలి గోపురంలా పైకి లేస్తుంది, పై పళ్ళ వరస విల్లులా కాక కొసదేలి ఉంటుంది. కొందరిలో వెనక పై దంతాలు కింది దంతాలకు లోపలి వైపున కరుస్తాయి. మేం క్రాస్‌బైట్ అంటాం.

రెండోది కింది దవడ. నోరు ఎప్పుడూ తెరిచి ఉంటే వెనక దంతాలకు పై నుంచి అడ్డు ఉండదు, అవి కాస్త ఎక్కువ పైకి వస్తాయి. దాంతో దవడ ముందుకు పెరిగే బదులు కిందికీ వెనక్కీ తిరుగుతుంది. ముఖం పొడుగవుతుంది, గడ్డం వెనక పడినట్టుంటుంది. పై పెదవి పొట్టిగా, కింది పెదవి బయటికి తిరిగినట్టుగా, కళ్ళ కింద నలుపు, సన్నని ముక్కు రంధ్రాలు. వీటన్నిటినీ కలిపి "అడినాయిడ్ ముఖం" అనే పేరు 1872 నుంచీ ఉంది. అంతకు నాలుగేళ్ళ ముందే, 1868లో, కోపెన్‌హాగెన్ డాక్టర్ విల్హెల్మ్ మేయర్ ముక్కు వెనక పెరిగే ఈ అడినాయిడ్ కణజాలం గురించి, దానివల్ల వచ్చే వినికిడి లోపం గురించి రాశారు. ఇది నిన్న మొన్న పుట్టిన ప్రచారం కాదు.

మురళి_77
డాక్టర్ గారూ, గౌరవంగానే అడుగుతున్నాను. వరస తిరగబడి ఉండొచ్చు కదా? పుట్టుకతోనే పై దవడ ఇరుకైతే ముక్కు దారీ ఇరుకవుతుంది. అందుకే నోటితో పీలుస్తున్నారేమో! ముఖం వల్ల ఊపిరా, ఊపిరి వల్ల ముఖమా?

పళ్ళవరస_డాక్టర్
సరైన ప్రశ్నే. అంగిలి పై భాగమే ముక్కుకు నేల. కాబట్టి రెండు వైపులా ప్రభావం ఉంటుంది. మా రంగంలోనూ దీని మీద దశాబ్దాలుగా వాదన ఉంది.

జీవశాస్త్రం_సారు
దీని మీద కోతుల్లో చేసిన ప్రయోగం ఒకటి తప్పకుండా తెలుసుకోవాలి. ఎగిల్ హార్వోల్డ్ బృందం రీసస్ కోతిపిల్లల ముక్కులను సిలికాన్ బిరడాలతో మూసి, వాటి ముఖం ఎలా పెరుగుతుందో గమనించింది. ఆ వివరాలు 1981లో అచ్చయ్యాయి. ముక్కు మూసిన కోతుల దవడలూ పళ్ళ వరసలూ మారాయి. నాకు అంతకన్నా విలువైనదిగా తోచింది ఇంకొకటి: అన్నీ ఒకేలా మారలేదు. కొన్ని దవడను కిందికి దించి పీల్చాయి, కొన్ని నాలుకను ముందుకు చాపాయి, కొన్ని లయగా నోరు తెరుస్తూ మూస్తూ సర్దుకున్నాయి. ఏ కండరం ఎలా సర్దుకుందో దాన్ని బట్టి ఎముక ఆకారం మారింది. మూసింది అన్నిటి ముక్కే, మారిన తీరు మాత్రం దేనిది దానిదే.

మనుషుల విషయంలో స్వీడన్‌కి చెందిన స్టెన్ లిండర్-ఆరన్సన్ 1970లో అడినాయిడ్స్ ఉన్న పిల్లలనూ లేని పిల్లలనూ పోల్చి చూశారు. ఇరుకు పై దవడ, పొడుగు ముఖం మొదటి గుంపులో ఎక్కువ. తర్వాత అడినాయిడ్స్ తీసేసి ముక్కుతో పీల్చడం మొదలుపెట్టిన పిల్లల్లో గడ్డం పెరిగే దిశ కొంత ముందుకు మళ్ళిందని కూడా ఆయన బృందమే చూపింది.

కాబట్టి మురళి గారు చెప్పిన పోలిక అబద్ధం కాదు. ముఖం ఎలా ఉండాలన్నది చాలావరకు తల్లిదండ్రుల నుంచే వస్తుంది. అయితే ఆ పోలిక ఎటు ఒరుగుతుందో ఊపిరి కొంత నిర్ణయిస్తుంది. అసలే పొడుగు ముఖం పోలిక ఉన్న పిల్లకు ముక్కు కూడా మూసుకుపోతే ఇంకా జాగ్రత్త పడాలి.

మురళి_77
ఇది నచ్చింది. తండ్రి పోలిక అని వదిలెయ్యకుండా ముక్కు చూపించడంలో నష్టం లేదు, ఒప్పుకుంటాను. నా అభ్యంతరమల్లా ప్రతి పొడుగు ముఖానికీ ఇదే కారణం అని అంటగట్టడం మీదే.

నిద్ర_ముఖ్యం
అందరూ ముఖం దగ్గరే ఆగిపోయారు. నా దృష్టిలో అంతకన్నా ముందు చూడాల్సింది నిద్ర. మా అమ్మాయి గురక పెడుతూ పెడుతూ ఉన్నట్టుండి ఆగిపోయేది, తర్వాత ఉలిక్కిపడి గాలి లాగేది. తల వెనక్కి వాల్చి, చెమటలు పట్టి, మంచమంతా దొర్లేది. మానేసిన పక్క తడపడం మళ్ళీ మొదలైంది. బడిలో "ఒకచోట కూర్చోదు, మాట వినదు" అని ఫిర్యాదు. ఇవన్నీ ఒకే జబ్బు లక్షణాలని నాకు ఎవరూ చెప్పలేదు.

పిల్లలకూ నిద్రలో ఊపిరి ఆగుతుందని 1976లోనే క్రిస్టియన్ గిల్మినో బృందం ఎనిమిది మంది పిల్లల గురించి రాసింది. పెద్దవాళ్ళు నిద్ర చాలకపోతే తూగుతారు, పిల్లలు చాలామంది తూగరు, అతిగా ఎగురుతారు. అందుకే బయటివాళ్ళకు అల్లరిగా కనిపిస్తుంది. అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2012 మార్గదర్శకాల్లో ప్రతి పిల్లవాడి విషయంలోనూ గురక ఉందా అని అడగాలని రాసింది. ఆ ఒక్క ప్రశ్న మమ్మల్ని ముందే ఎవరైనా అడిగుంటే అనిపిస్తుంది.

సుహాసిని గారూ, పాప నిద్రపోతున్నప్పుడు ఛాతీ, ముఖం కనిపించేలా వీడియో తీసి డాక్టర్‌కి చూపించండి. మెలకువగా కుదురుగా కూర్చున్న పిల్లను చూస్తే ఎవరికీ ఏమీ అర్థం కాదు.

సుహాసిని_వి
ఊపిరి ఆగినట్టు నేనెప్పుడూ గమనించలేదు. కానీ తల వెనక్కి వాల్చడం, చెమట, రెండూ ఉన్నాయి. ఈ రాత్రే వీడియో తీస్తాను.

వేగం_99
దీనికి ఆపరేషన్లూ అవీ ఎందుకు? పడుకునే ముందు నోటికి చిన్న టేప్ అతికిస్తే ముక్కుతోనే పీలుస్తారు. చాలా వీడియోల్లో చూపిస్తున్నారు.

రాగమాలిక
అయ్యో, పిల్లలకు వద్దండీ!

నిద్ర_ముఖ్యం
వేగం గారూ, ఆ పోస్టు దయచేసి తీసేయండి. ముక్కు మూసుకుపోయిన పిల్లకు ఉన్న ఒక్క దారీ నోరే.

ఈఎన్‌టీ_పీజీ
ఈఎన్‌టీలో పీజీ చేస్తున్నాను. పిల్లలకు టేప్ ప్రమాదం, అందులో రెండో మాట లేదు. ముక్కు దారి తెరుచుకుని ఉందో లేదో చూడకుండా నోరు మూయకూడదు. రాత్రి వాంతి వచ్చినా ఏం జరుగుతుందో ఆలోచించండి.

డాక్టర్ దగ్గర ఏం జరుగుతుందో చెబుతాను, భయం తగ్గుతుంది. మొదట ముక్కుకి ఏం అడ్డు పడుతోందో కనుక్కోవాలి. అడినాయిడ్స్ ఒక కారణం మాత్రమే. ఎలర్జీతో టర్బినేట్లు, అంటే ముక్కు లోపలి పక్క గోడల మడతలు, వాచి ఉండొచ్చు. అలాంటి పిల్లలు అరచేత్తో ముక్కును పైకి రుద్దుతూ ఉంటారు, ముక్కు మీద అడ్డంగా గీత పడుతుంది. టాన్సిల్స్ పెద్దవి కావచ్చు, ముక్కు దూలం వంకర కావచ్చు. ఒక్క వైపు నుంచే వాసనతో చీమిడి కారుతుంటే పూసో, స్పాంజి తునకో లోపల దూర్చుకున్నారేమో చూడాలి. సన్నని ఎండోస్కోప్‌తో గానీ, మెడ పక్క నుంచి తీసే ఎక్స్‌రేతో గానీ అడినాయిడ్స్ ఎంత ఉన్నాయో తెలుస్తుంది.

ఎలర్జీ ఉంటే సెలైన్ (ఉప్పునీరు), ముక్కులో కొట్టే స్టెరాయిడ్ స్ప్రే కొన్ని వారాలు వాడి చూస్తారు. స్టెరాయిడ్ అనగానే కంగారు పడకండి, ముక్కులో వాడే మోతాదు చాలా తక్కువ, అడినాయిడ్స్ వాపు కూడా కొందరిలో తగ్గుతుంది. ముక్కు దిబ్బడ వెంటనే తెరుచుకునే చుక్కల మందులు మాత్రం వేరు. వాటిని రోజుల తరబడి వాడితే దిబ్బడ ఇంకా ఎక్కువవుతుంది. ఎలర్జీకి ఇచ్చే మాంటెలుకాస్ట్ అనే మందు రాసిస్తే దాని వల్ల పిల్లల్లో పీడకలలు, ప్రవర్తన మార్పులు రావచ్చని తెలుసుకుని ఉండండి. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2020లో దాని మీద తీవ్రమైన హెచ్చరిక పెట్టింది.

ఓపిక_పట్టండి
అడినాయిడ్స్ వాటంతటవే కరిగిపోతాయి కదా? మా వాడికి ఆరేళ్ళప్పుడు ఆపరేషన్ అన్నారు, మేం ఆగాం. పదో ఏట వచ్చేసరికి గురకే లేదు. ఇప్పుడు హాయిగా ఉన్నాడు.

ఈఎన్‌టీ_పీజీ
నిజమే, పసితనంలో పెరిగి, బడికి వెళ్ళే తొలి ఏళ్ళలో బాగా పెద్దవై, కౌమారంలో కుంచించుకుపోతాయి. కొందరి విషయంలో ఆగడమే సరైన నిర్ణయం. 2013లో వచ్చిన చాట్ అనే పెద్ద అధ్యయనంలో నిద్రలో ఊపిరి ఆగే జబ్బున్న 5 నుంచి 9 ఏళ్ళ పిల్లలు 464 మందిని రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకి టాన్సిల్స్, అడినాయిడ్స్ వెంటనే తీశారు, రెండో గుంపును గమనిస్తూ ఆగారు. ఏడు నెలల తర్వాత నిద్ర పరీక్ష మామూలుగా వచ్చినవాళ్ళు ఆపరేషన్ గుంపులో 79 శాతం, ఆగిన గుంపులో 46 శాతం. అంటే ఆగినవాళ్ళలోనూ దాదాపు సగం మందికి తగ్గింది. ఏకాగ్రత పరీక్షలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ప్రవర్తన, రోజువారీ జీవితం మాత్రం ఆపరేషన్ గుంపులో మెరుగయ్యాయి. రాత్రి ఆక్సిజన్ బాగా పడిపోయే పిల్లలను ఆ అధ్యయనంలో చేర్చలేదని గుర్తుంచుకోవాలి. వాళ్ళ విషయంలో ఆగడం మంచిది కాదు.

పళ్ళవరస_డాక్టర్
ఓపిక గారి బాబు విషయంలో సంతోషం. నేను ఒక్కటే కలుపుతాను. అడినాయిడ్స్ తగ్గేదాకా ముఖం ఆగదు, ఆ ఏళ్ళలోనే పెరుగుతుంది. ఆగాలని నిర్ణయించినా, ఆ గడువులో పళ్ళ వరసనూ నిద్రనూ చూస్తూ ఆగండి. చూడకుండా వదిలేయడం వేరు.

ముప్పై_దాటాక
నేను ఆ వదిలేసిన పిల్లల్లో ఒకణ్ణి. చిన్నప్పుడు "నోరు మూసుకో, ఈగలు దూరతాయి" అని అందరూ నవ్వేవాళ్ళే తప్ప ముక్కులో ఏముందో ఎవరూ చూడలేదు. గడ్డం లోపలికి, పై చిగుళ్ళు బయటికి, ఇప్పటికీ గురక. పెద్దయ్యాక చూపిస్తే పై దవడ రెండు సగాలను కలిపే మధ్య అతుకు గట్టిపడిపోయింది, ఉత్త క్లిప్పులతో వెడల్పు కాదు, ఆపరేషన్ కలిపి చేయాలి అన్నారు. చేయించుకున్నాను. ముఖం వాచి, ద్రవాహారంతో గడిపిన రోజులు తేలిక కాదు. ఊపిరి మాత్రం ఇప్పుడు చాలా నయం. పిల్లల ముఖం గురించి పెద్దవాళ్ళు వేసే జోకులు ఆ పిల్లలకు జీవితాంతం గుర్తుంటాయి. అది కూడా ఇక్కడ చెప్పాలనిపించింది.

రాగమాలిక
మీ మాట మనసుకు తగిలింది. మా ఇంట్లో ఆ ఈగల మాట ఇక ఎవరినీ అననివ్వను.

ప్లస్‌టూ_కుర్రాడు
నాకు పదిహేడు. నాలుకను అంగిలికి నొక్కి పెట్టి దవడ షేప్ మార్చుకునే మ్యూయింగ్ చేస్తున్నా. పని చేస్తుందా?

పళ్ళవరస_డాక్టర్
నీ వయసులో అలా దవడ ఆకారం మారుతుందని చూపే నమ్మదగిన ఆధారం లేదు తమ్ముడూ. గట్టిగా నొక్కితే దవడ కీళ్ళ నొప్పి రావచ్చు, పళ్ళు కదలవచ్చు. పై పోస్టుల్లో చెప్పిందంతా ఎదిగే పిల్లల్లో ఏళ్ళ తరబడి జరిగే సంగతి. ముక్కు దిబ్బడ ఉంటే అది చూపించుకో. నీ దవడ బాగానే ఉండి ఉంటుంది, వీడియోలు చూడడం తగ్గించు.

ప్లస్‌టూ_కుర్రాడు
సరే అక్కా. అమ్మ కూడా ఇదే చెప్పింది, ఇప్పుడు తెలిస్తే వారం రోజులు వదలదు.

నీలిమ_టి
పై దవడ వెడల్పు చేసే ఎక్స్‌పాండర్ ఎవరి పిల్లలకైనా పెట్టారా? మా అబ్బాయికి తొమ్మిదేళ్ళు, క్రాస్‌బైట్ ఉంది, పెడతామన్నారు. ఎముకను విడదీస్తారంటే గుండె దడగా ఉంది.

చిన్నితల్లి
మా పాపకు పెట్టారు. అంగిలికి అడ్డంగా మధ్యలో స్క్రూ ఉంటుంది. చెప్పిన లెక్కన చిన్న తాళంతో మేమే ఇంట్లో తిప్పేవాళ్ళం. తిప్పినప్పుడు ముక్కు మొదట్లో ఒత్తినట్టుందని అనేది, కాసేపటికి పోయేది. మొదట్లో మాట నత్తిగా వచ్చింది, లాలాజలం ఎక్కువైంది. పై ముందు పళ్ళ మధ్య పెద్ద సందు వస్తే నేను భయపడ్డాను. అది వస్తేనే అతుకు విడుతున్నట్టట. తర్వాత దానంతటదే దగ్గరకొచ్చింది.

పళ్ళవరస_డాక్టర్
చక్కగా చెప్పారు. మామూలుగా ఒక తిప్పుకు పావు మిల్లీమీటరు కదులుతుంది. కావలసిన వెడల్పు వచ్చాక మధ్యలో కొత్త ఎముక నిండే దాకా కొన్ని నెలలు పరికరాన్ని అలాగే ఉంచుతారు. తొమ్మిదేళ్ళు మంచి వయసు నీలిమ గారూ, అతుకు ఇంకా గట్టిపడి ఉండదు. ఈ పద్ధతి 1860 నుంచి ఉంది, కొత్త ప్రయోగమేమీ కాదు. ముక్కు నేల కూడా కొంత వెడల్పవుతుంది కాబట్టి కొందరికి గాలి బాగా ఆడుతుంది. అలాగని అడినాయిడ్స్‌కి ఇదే మందు అని ఎవరైనా అంటే నమ్మకండి. ముక్కు మూసుకునే ఉంటే, వెడల్పు చేసిన దవడ మళ్ళీ ఇరుకయ్యే అవకాశం ఉంటుంది. ఈఎన్‌టీ, పళ్ళ డాక్టర్ ఒకరితో ఒకరు మాట్లాడుకునేలా చూడండి.

రాగమాలిక
మా వాడికి అడినాయిడ్స్ తీశాక గురక పోయింది, కానీ పగలు నోరు ఇంకా తెరిచే ఉంచుతున్నాడు. ఇది మామూలేనా?

ఈఎన్‌టీ_పీజీ
దారి తెరుచుకున్నా అలవాటు కొంతకాలం మిగులుతుంది. మెలకువగా కూర్చున్నప్పుడు నోట్లో కాసిని నీళ్ళు పెట్టుకుని మింగకుండా రెండు నిమిషాలు ఉండగలడేమో చూడండి. ఇబ్బంది లేకుండా ఉండగలిగితే ముక్కు పనిచేస్తోందనే అనుకోవచ్చు. ఉండలేకపోతే మళ్ళీ చూపించండి, చిన్న వయసులో తీసినప్పుడు అడినాయిడ్స్ కొందరికి తిరిగి పెరుగుతాయి. అలవాటే అయితే పెదవులకు, నాలుకకు నేర్పే వ్యాయామాలు ఉన్నాయి, మయోఫంక్షనల్ థెరపీ అంటారు. తిట్టి మాన్పించడం మాత్రం వద్దు.

నిద్ర_ముఖ్యం
నోరు ఎండిపోవడం వల్ల ముందు చిగుళ్ళు వాచి ఎర్రబడతాయి, నోరు వాసన వస్తుంది. బ్రష్ సరిగ్గా చేయడం లేదని మా పిల్లను ఊరికే కోప్పడేవాళ్ళు బంధువులు. అది కూడా గమనించండి.

కొత్త_నాన్న
మా బాబుకి మూడేళ్ళు. ముక్కు బాగానే ఉంటుంది, గురక లేదు. కానీ వేలు చీకుతాడు, ముందు పళ్ళు మూసినా మధ్యలో ఖాళీ ఉంటుంది. ఇదీ అలాంటిదేనా?

పళ్ళవరస_డాక్టర్
దారి వేరు, ఫలితం కొంత దగ్గరగా ఉంటుంది. వేలు ముందు పళ్ళను తోస్తుంది, నాలుకను కిందికి దించుతుంది. మూడేళ్ళకు కంగారు అక్కర్లేదు. శాశ్వత పళ్ళు వచ్చేలోపు మానేస్తే ఆ ఖాళీ చాలామందిలో దానంతటదే పూడుతుంది. నిద్ర వచ్చినప్పుడా, దిగులుగా ఉన్నప్పుడా, ఎప్పుడు చీకుతున్నాడో చూసి ఆ సమయంలో చేతికి బొమ్మ ఇవ్వండి. ఏడేళ్ళు వచ్చేసరికి ఒకసారి ఆర్థోడాంటిస్ట్‌కి చూపిస్తే చాలు. ఈలోగా జలుబు లేని రోజుల్లో కూడా గురక మొదలైతే అప్పటిదాకా ఆగకండి.